మేఘాన్ని చూసి పేరు తేల్చడం ఎలా? హైదరాబాద్ డాబా మీంచి వరుసగా చేయాల్సిన పరిశీలన

ఒక ఫొటో చూపించి "ఇదేం మబ్బు?" అని అడిగేవాళ్లు చాలామంది. ఫొటోతో చిక్కేమిటంటే మబ్బు ముక్క ఎంత పెద్దదో అందులో తెలియదు, ఎటు కదులుతోందో తెలియదు, పది నిమిషాల కిందట ఎలా ఉండేదో తెలియదు. చాలాసార్లు పేరు తేల్చేవి ఆ మూడే. అందుకే ఈ మార్గదర్శిలో ముందు చూడాల్సిన క్రమం చెప్తాం. పేర్లు తర్వాత వస్తాయి.

పాఠ్యపుస్తకాలు మేఘాల్ని కింది, మధ్య, పై అని మూడు ఎత్తులుగా విడదీస్తాయి. మన ఉష్ణమండలంలో కింది మేఘాలంటే 2 కి.మీ. లోపు, మధ్యవి 2 నుంచి 8 కి.మీ., పైవి 6 నుంచి 18 కి.మీ. ఈ లెక్క సరైనదే. కానీ డాబా మీద నిలబడ్డవారికి ఎత్తు కంటికి కనపడదు. పైగా హైదరాబాద్ ఎండాకాలంలో "కింది మేఘం" అనుకునే క్యుములస్ (దూది కుప్పలాంటి మబ్బు) అడుగు, అంటే కింది అంచు, 3 కి.మీ. పైన తేలుతుంది. కాబట్టి ఎత్తుతో మొదలెట్టకండి. ఆకారం, సైజు, ఎండ, వాన, కదలిక: ఈ వరుసలో వెళ్తే ఎత్తు దానంతటదే తేలుతుంది.

1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

చోటు ముఖ్యం. కనీసం రెండు దిక్కుల్లో, వీలైతే పడమర వైపు, దిగంతం దాకా ఆకాశం కనిపించాలి. అపార్ట్‌మెంట్ టెర్రస్ సరిపోతుంది. చుట్టూ ఎత్తైన బిల్డింగులుంటే వారానికోసారి ట్యాంక్‌బండ్ మీదికి వెళ్లండి. హుస్సేన్‌సాగర్ వైపు తిరిగి నిలబడితే పడమటి ఆకాశం అడ్డం లేకుండా దొరుకుతుంది. గోల్కొండ కోట పైభాగం, గండిపేట కట్ట కూడా మంచివే.

సమయం కూడా ఒక పద్ధతిలో ఉండాలి. వాతావరణ శాఖ పరిశీలనలు ఉదయం 8:30కి, సాయంత్రం 5:30కి జరుగుతాయి. మీరూ అవే వేళలు పెట్టుకుంటే తర్వాత పోల్చి చూసుకోవడం తేలిక. ఎండాకాలంలో మధ్యాహ్నం 2:30 పరిశీలన కూడా కలపండి. ఆ వేళ చూడకపోతే ఏప్రిల్, మే నెలల్లో అసలు కథంతా తప్పిపోతుంది.

దగ్గర ఉంచుకోవాల్సినవి:

☐ నోట్‌బుక్, పెన్సిల్ (తుంపర పడినా పెన్సిల్ రాత చెదరదు)
☐ దిక్సూచి ఉన్న ఫోన్
☐ పోలరైజ్డ్ చలువ అద్దాలు. సిర్రస్ అనే పల్చటి పోగుల మబ్బు నీలంలోంచి విడిగా కనపడటానికి పనికొస్తాయి. ఇవి పెట్టుకున్నా సూర్యుణ్ని నేరుగా చూడకూడదు.
☐ ఆ వేళ ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ (గాలిలోని ఆవిరి నీటి బొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత). రెండూ ఫోన్‌లోని వాతావరణ యాప్‌లో దొరుకుతాయి.

2. చేతిని కొలబద్ద చేసుకోండి

చెయ్యి పూర్తిగా ముందుకు చాచి, మోచెయ్యి వంచకుండా, ఒక కన్ను మూసి చూడండి. చిటికెన వేలి వెడల్పు ఆకాశంలో సుమారు 1 డిగ్రీ. మధ్య మూడు వేళ్లూ కలిపితే 5 డిగ్రీలు. బిగించిన పిడికిలి 10 డిగ్రీలు. వేళ్లన్నీ చాపితే బొటనవేలి కొస నుంచి చిటికెన వేలి కొస దాకా 20 డిగ్రీల పైచిలుకు.

పున్నమి చంద్రుడి వెడల్పు అర డిగ్రీ. మీ చిటికెన వేలు చంద్రుడిని పూర్తిగా కప్పి ఇంకా మిగలాలి. మిగలకపోతే మోచెయ్యి వంగిందన్నమాట. పిల్లలకూ ఈ కొలత పనిచేస్తుంది. వేళ్లు చిన్నవైనా చెయ్యి కూడా పొట్టిదే కాబట్టి నిష్పత్తి దాదాపు అంతే ఉంటుంది.

3. ఆకాశం ఎంత కప్పి ఉందో లెక్కేయండి

దీనికి ప్రమాణం ఎనిమిదో వంతు. దాన్ని ఆక్టా అంటారు. ఆకాశాన్ని మనసులో రెండు సగాలు చేయండి, ఒక్కో సగాన్ని నాలుగు భాగాలు చేయండి. మబ్బులన్నీ ఒక పక్కకు జరిపితే ఎన్ని భాగాలు నిండుతాయో అంచనా వేయండి.

రెండు నియమాలు ఉన్నాయి. ఎంత చిన్న మబ్బు తునక ఉన్నా సున్నా రాయకూడదు, 1 రాయాలి. ఎంత చిన్న నీలి సందు ఉన్నా 8 రాయకూడదు, 7 రాయాలి.

అందరూ ఇక్కడ ఎక్కువే రాస్తారు. దిగంతం దగ్గర మేఘాల పక్కభాగాలు కూడా కనపడి, మధ్య సందులు మూసుకుపోయినట్టు అనిపించడమే కారణం. నడినెత్తిన చూసిన సాంద్రతనే ప్రమాణంగా తీసుకోండి. నెత్తిన సగం నీలం ఉంటే, పడమట గోడ కట్టినట్టు కనిపించినా మొత్తం 5 దాటదు.

4. మొదటి ప్రశ్న: పోగా, పొరా, కుప్పా?

ఇప్పుడు ఒక్క మబ్బును ఎంచుకోండి. దాని అంచు చూడండి.

• సన్నటి తెల్లటి పోగులుగా, చివర్లు చెదిరి ఉంటే సిర్రస్ కుటుంబం.
• అంచు తెలియకుండా పరుచుకుని ఉంటే పొర: సిర్రోస్ట్రాటస్, ఆల్టోస్ట్రాటస్, నింబోస్ట్రాటస్, స్ట్రాటస్ నాలుగింట్లో ఒకటి.
• అడుగు చదునుగా, పైన ఉబ్బుగా, అంచు గీసినట్టుంటే కుప్ప: క్యుములస్ లేదా క్యుములోనింబస్.
• పొర లాంటిదే కానీ ముక్కలు ముక్కలుగా, వరుసలుగా ఉంటే సిర్రోక్యుములస్, ఆల్టోక్యుములస్, స్ట్రాటోక్యుములస్ మూడింట్లో ఒకటి.

పది రకాలూ వచ్చేశాయి. ఇక మిగిలిన పరీక్షలన్నీ ఒక్కో గుంపు లోపల విడదీయడానికే.

ఆకాశంలో ఒకేసారి రెండు మూడు రకాలు ఉండటమే మామూలు. జులైలో కింద స్ట్రాటోక్యుములస్, సందుల్లోంచి ఆల్టోక్యుములస్, ఆ పైన సిర్రస్ ఒకేసారి కనపడతాయి. ఒక్కోదాన్ని విడిగా రాయండి. "మొత్తం ఆకాశానికి ఒకే పేరు" వెతికితే ఎప్పటికీ దొరకదు.

5. ముక్కల పొర అయితే వేళ్లతో కొలవండి

దిగంతం నుంచి మూడు పిడికిళ్ల పైన, అంటే 30 డిగ్రీలకు మించి ఎత్తున ఉన్న ముక్కల్నే కొలవాలి. కిందకు వాలినవి దూరం వల్ల చిన్నవిగా కనపడి మోసం చేస్తాయి.

• చాలా ముక్కలు చిటికెన వేలి చాటుకు వెళ్లిపోతే సిర్రోక్యుములస్.
• చిటికెన వేలికి మించి, మూడు వేళ్ల లోపు ఉంటే ఆల్టోక్యుములస్.
• మూడు వేళ్లు కూడా చాలకపోతే స్ట్రాటోక్యుములస్.

దీనికి తోడు నీడ చూడండి. ముక్కకు ఒక పక్క బూడిద రంగు నీడ ఉందంటే అది ఎంత చిన్నదైనా సిర్రోక్యుములస్ కాదు, ఆల్టోక్యుములసే. అసలైన సిర్రోక్యుములస్ అరుదు. కనపడినా తొందరగా మారిపోతుంది. మీ నోట్‌బుక్‌లో అది వారంలో మూడుసార్లు వచ్చిందంటే, చిన్న ముక్కల ఆల్టోక్యుములస్‌ను అలా రాసేస్తున్నారేమో సరిచూసుకోండి.

ఆల్టోక్యుములస్‌లో ఒక ఉపరకాన్ని మాత్రం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. పొడుగాటి ఒకే అడుగు గీత మీద చిన్న చిన్న బురుజులు నిలువుగా లేస్తే అది కాస్టెల్లానస్. మధ్య ఎత్తుల్లో గాలి నిలకడగా లేదని, పైకి లేచింది ఇంకా లేస్తుందని దాని అర్థం. మార్చి నుంచి మే దాకా ఉదయం పూట ఇది కనపడితే, మధ్యాహ్నం తర్వాత ఉరుముల వానకు అవకాశం ఎక్కువ. 8:30కి బురుజులు చూశారా, 2:30 పరిశీలన తప్పనిసరి.

6. పొర అయితే సూర్యుణ్ని, నేల మీద నీడను చూడండి

పొరల్ని విడదీయడానికి మబ్బు కంటే నేల ఎక్కువ చెప్తుంది. ముందు మీ నీడ చూడండి.

నీడ స్పష్టంగా పడుతోంది, ఆకాశం మాత్రం పాలిపోయి ఉంది: సిర్రోస్ట్రాటస్. ఇది మంచు స్ఫటికాల పొర. సూర్యుడి చుట్టూ గుడి, అంటే వెలుగు వలయం, కట్టిందేమో చూడండి. గోడ అంచునో వాటర్ ట్యాంకునో అడ్డం పెట్టుకుని, సూర్యుడు పూర్తిగా దాని చాటున ఉండేలా నిలబడి, అక్కణ్నుంచి పిడికిలి మీద పిడికిలి పెట్టి కొలవండి. వలయం రెండు పిడికిళ్లకు కొంచెం పైన, 22 డిగ్రీల దగ్గర ఉంటుంది. గుడి కడితే స్ఫటికాలున్నాయనే, ఇక వేరే రుజువు అక్కర్లేదు. మే నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి దగ్గరగా ఉంటాడు. అప్పుడు మెడ విరుచుకుని చూడాలి కాబట్టి ఉదయం 9, సాయంత్రం 4 ప్రాంతాల్లో వెతకడం సుఖం.

నీడ లేదు, సూర్యుడు అంచు చెదిరి మసక వెలుగుగా కనపడుతున్నాడు: ఆల్టోస్ట్రాటస్. దీనికి గుడి కట్టదు.

నీడా లేదు, సూర్యుడి జాడా లేదు, ముదురు బూడిద రంగు, ఆగకుండా వాన: నింబోస్ట్రాటస్. మనం ముసురు పట్టిందనేది ఎక్కువగా దీని కిందే. బంగాళాఖాతంలో అల్పపీడనమో వాయుగుండమో ఏర్పడి తెలంగాణ మీదుగా కదిలిన రోజుల్లో హైదరాబాద్‌లో ఇది గంటల తరబడి నిలుస్తుంది. దీని అడుగున చిరిగిన నల్లటి తునకలు వేగంగా పరుగెత్తుతుంటాయి. అవి వేరే పెద్ద మేఘం కాదు, వాన తడికి కింద పుట్టే తునకలు. వాటిని "పానస్" అని పక్కన రాస్తే చాలు.

బాగా కిందకు దిగిన బూడిద పొర, వానంటూ పడితే తుంపరే, పల్చబడ్డప్పుడు సూర్యబింబం అంచు గీసినట్టు కనపడుతుంది: స్ట్రాటస్. ఆల్టోస్ట్రాటస్‌కూ దీనికీ తేడా ఆ అంచే. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు టవర్ల పై అంతస్తులు మబ్బులోకి పోయాయంటే ఇదే. కనపడుతున్న అంతస్తులు లెక్కపెట్టి 3తో గుణిస్తే అడుగు ఎత్తు మీటర్లలో ఉజ్జాయింపుగా వస్తుంది. అదే పొర నేలకు దిగితే పొగమంచు అని రాయాలి.

సూర్యుడికో చంద్రుడికో బాగా దగ్గరగా, కొద్ది డిగ్రీల లోపే, రంగుల చిన్న వలయం కనపడితే అది గుడి కాదు. దాన్ని కరోనా అంటారు. నీటి బొట్లున్న పల్చటి మేఘంలో, ఎక్కువగా ఆల్టోక్యుములస్‌లో కనపడుతుంది. రెండింటినీ కలిపేస్తే నీటి మేఘాన్ని మంచు మేఘంగా రాసేస్తారు. సైజు ఒక్కటి కొలిస్తే ఆ తప్పు జరగదు.

7. కుప్ప అయితే వెడల్పు, ఎత్తు, తల అంచు

హైదరాబాద్‌లో అన్నిటికంటే జాగ్రత్తగా నేర్చుకోవాల్సింది ఈ గుంపు. ఇక్కడ పేరు గంటలోపు మారుతుంది, మారినప్పుడు మీరు డాబా దిగాల్సి వస్తుంది. అందుకే ఒక్కసారి చూసి వదలకండి. ఐదు నిమిషాలకోసారి చొప్పున కనీసం నాలుగుసార్లు చూడండి.

మొదటి మెట్టు: ఎత్తు కంటే వెడల్పే ఎక్కువ. క్యుములస్ హ్యూమిలిస్. వాన ఉండదు.

రెండో మెట్టు: ఎత్తూ వెడల్పూ దాదాపు సమానం. క్యుములస్ మీడియోక్రిస్. హైదరాబాద్‌లో మధ్యాహ్నం 12 లోపే ఈ మెట్టుకు వస్తే సాయంత్రం మీద ఒక కన్నేసి ఉంచాలి.

మూడో మెట్టు: వెడల్పును మించిన ఎత్తు, పై భాగమంతా గోబీ పువ్వులా బిగువైన ఉబ్బులు. క్యుములస్ కంజెస్టస్. దీన్నుంచి గట్టి జల్లు పడొచ్చు.

నాలుగో మెట్టు: తల అంచు మెత్తబడటం. మొత్తం మార్గదర్శిలో ఇదొక్కటీ గుర్తున్నా చాలు. కంజెస్టస్ తల అంచు నీలాకాశం మీద కోసినట్టు ఉంటుంది, ఎందుకంటే అక్కడ ఇంకా నీటి బొట్లే ఉన్నాయి. మన దగ్గర వేసవిలో, వానాకాలంలో సున్నా డిగ్రీల మట్టం సుమారు 5 కి.మీ. ఎత్తున ఉంటుంది. తల దానికి చాలా పైకి వెళ్లి బొట్లు గడ్డకట్టడం మొదలైతే అంచు చెదురుతుంది, ఉబ్బులు నునుపవుతాయి. ఆ క్షణం నుంచి దాని పేరు క్యుములోనింబస్. పోగులు ఇంకా లేకపోతే కాల్వస్, పోగులు విడిపోయి కనపడితే కాపిలేటస్.

ఐదో మెట్టు: తల పక్కలకు చదునుగా పరుచుకోవడం. దీన్ని దాగలి (ఇంగ్లిష్‌లో ఆన్విల్) అంటారు. మేఘం ఇక పైకి పోలేని ఎత్తుకు చేరిందని గుర్తు. దాగలి అడుగున గుండ్రటి ఉబ్బులు వేలాడితే వాటిని మమ్మాటస్ అని రాసుకోండి. అవి చూడ్డానికి భయం పుట్టిస్తాయి, కానీ వాటి కిందే గాలివాన ఉందని కాదు. అసలు ప్రమాదం మేఘం ముందు అంచున, బాగా కిందకు, అడ్డంగా పొడుగాటి నల్లటి చూరు కనపడినప్పుడు. దాన్ని ఆర్కస్ అంటారు. అది మీ మీదికి రావడం, ఈదురుగాలి తగలడం దాదాపు ఒకేసారి జరుగుతాయి.

ఎంత దూరంలో ఉంది? దాగలి పైభాగం 15 కి.మీ. ఎత్తున ఉందనుకుని పిడికిళ్లతో లెక్కేయొచ్చు:

• దిగంతం నుంచి ఒక పిడికిలి ఎత్తున ఉంటే సుమారు 85 కి.మీ.
• రెండు పిడికిళ్లుంటే సుమారు 40 కి.మీ.
• మూడు పిడికిళ్లుంటే సుమారు 26 కి.మీ.

నగరం నుంచి చూస్తే పడమట ఒక పిడికిలి ఎత్తు దాగలి అంటే వికారాబాద్ దాటిన తర్వాతి వాన. అది గంటకు 40 కి.మీ. వేగంతో ఇటే వస్తే రెండు గంటల సమయం ఉంది. కానీ ఒక్కో మేఘం ఆయుష్షు సాధారణంగా అరగంట నుంచి గంట. వచ్చేది అదే మేఘం కాకపోవచ్చు, దాని చల్లగాలి ముందు పుట్టిన కొత్తది కావచ్చు. దూరం లెక్కను పదిహేను నిమిషాలకోసారి మళ్లీ వేయండి.

పిడుగు విషయంలో తటపటాయించొద్దు:

☐ మెరుపు కనపడ్డాక ఉరుము వినపడేదాకా సెకన్లు లెక్కించండి. మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది.
☐ 30 సెకన్లు, అంటే 10 కి.మీ. లోపు అయితే వెంటనే డాబా దిగి లోపలికి వెళ్లండి. చెట్టు కింద, ట్యాంకు పక్కన, రేకుల షెడ్డు కింద నిలబడొద్దు.
☐ చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగి మళ్లీ ఎక్కండి.
☐ పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ (ఐఐటీఎం) రూపొందించిన "దామిని" యాప్ ఫోన్‌లో ఉంచుకోండి. చుట్టుపక్కల పిడుగుల సమాచారం ఇస్తుంది.

పరిశీలన అసంపూర్ణంగా ఆగిపోయిందని బాధపడకండి. "పిడుగు వల్ల ఆపాను, 4:50" అని రాస్తే అదీ పనికొచ్చే నమోదే.

8. అడుగు ఎత్తు లెక్క

క్యుములస్‌కు మాత్రమే, మధ్యాహ్నం పూట మాత్రమే పనికొచ్చే సులువైన సూత్రం ఉంది: ఉష్ణోగ్రతలోంచి డ్యూ పాయింట్ తీసేసి 125తో గుణించండి. నేల నుంచి మేఘం అడుగు దాకా ఎత్తు మీటర్లలో వస్తుంది.

ఏప్రిల్ మధ్యాహ్నం 40 డిగ్రీలు, డ్యూ పాయింట్ 16 అనుకుందాం. తేడా 24. అడుగు 3,000 మీటర్లు. ఆగస్టులో 28 డిగ్రీలు, డ్యూ పాయింట్ 22 అయితే తేడా 6, అడుగు 750 మీటర్లు. ఒకే రకం మేఘం, ఒకే ఊరు, నాలుగు రెట్ల తేడా. ఏప్రిల్ క్యుములస్ ముక్కలు అంత పైన ఉండటం వల్ల చిన్నవిగా కనపడి, ఆల్టోక్యుములస్ అనిపిస్తాయి. చదునైన అడుగు, పైకి పెరిగే ఉబ్బు, ఎండ ముదిరాకే పుట్టడం: ఈ మూడూ ఉంటే అది క్యుములసే. ఉదయం 8:30కే ఉంటే ఆల్టోక్యుములస్ వైపు మొగ్గండి.

ఈ ఎత్తైన అడుగే ఇంకో సంగతి కూడా చెప్తుంది. మూడు కిలోమీటర్ల పొడి గాలిలోంచి పడే వాన దారిలోనే ఆవిరవుతుంది. మేఘం కింద బూడిద రంగు తెరలు వేలాడి, నేలకు అందకుండా మాయమవుతాయి. దాని పేరు విర్గా. ఆవిరయ్యేటప్పుడు గాలి చల్లబడి, బరువెక్కి, ఒక్కసారిగా కిందికి దూకుతుంది. వాన చుక్క పడకుండానే గాలిదుమారం లేచి ఫ్లెక్సీలు, రేకులు ఎగిరేది అందుకే. విర్గా నెత్తి మీదికి వస్తుంటే ఆరేసిన బట్టలు తీయడం కంటే ముందు డాబా మీది వదులు సామాన్లు లోపల పెట్టండి.

9. కదలిక: ఏ పొర ఎటు పోతోంది?

ఒక స్తంభం కొసనో ట్యాంకు మూలనో గుర్తుగా పెట్టుకుని, తల కదపకుండా, మేఘం దాన్ని ఏ వైపుకు దాటుతుందో రెండు నిమిషాలు చూడండి. గుర్తు నెత్తికి ఎంత దగ్గరగా ఉంటే దిక్కు అంత కచ్చితంగా వస్తుంది. మేఘం ఎటు నుంచి వస్తోందో ఆ దిక్కు రాయాలి, ఎటు పోతోందో కాదు.

మన నగరంలో ఈ పరీక్షకు చాలా బలం ఉంది. జులై, ఆగస్టుల్లో సుమారు 1.5 కి.మీ. ఎత్తున పడమటి గాలి జోరుగా ఉంటుంది, 14-16 కి.మీ. ఎత్తున తూర్పు గాలి ఇంకా జోరుగా ఉంటుంది. కాబట్టి కింది స్ట్రాటోక్యుములస్ పడమర నుంచి తూర్పుకు, సందుల్లోంచి కనపడే సిర్రస్ తూర్పు నుంచి పడమరకు పోతాయి. చలికాలంలో తారుమారు: పైన సిర్రస్ పడమటి నుంచి వస్తుంది, కింద గాలి తూర్పు వైపు నుంచి ఉంటుంది. తెల్లటి రెండు మబ్బులు ఒకే పొరా కాదా అని తేలనప్పుడు, కదలిక వేరైతే పొరలు వేరే.

పైది నెమ్మదిగా, కిందిది వేగంగా కదిలినట్టు కనపడటం కేవలం దూరం వల్ల. దాన్ని బట్టి గాలి వేగం రాయొద్దు.

10. తరచూ జరిగే పొరపాట్లు, వాటి సవరణ

నల్లగా ఉంటే వాన మబ్బే అనుకోవడం. మేఘం మీకూ సూర్యుడికీ మధ్య ఉంటే నల్లగా, సూర్యుడు మీ వెనక ఉంటే అదే మేఘం తెల్లగా కనపడుతుంది. సాయంత్రం పడమటి మబ్బులన్నీ నల్లగా కనపడేది ఇందుకే. రంగు చివరి సాక్ష్యం. అడుగు, తల, వాన తెరలు చూశాకే దాన్ని లెక్కలోకి తీసుకోండి.

నింబోస్ట్రాటస్, క్యుములోనింబస్ కలిపేయడం. నెత్తి మీదికి వచ్చాక రెండూ ఒకటే బూడిద కప్పు. ఉరుము, మెరుపు, రాళ్లవాన వీటిలో ఒక్కటున్నా క్యుములోనింబస్ అని రాయడమే నియమం. ఏదీ లేకపోతే వాన మొదలైన తీరు గుర్తుచేసుకోండి. అప్పటికప్పుడు దంచి కొడితే క్యుములోనింబస్ లేదా కంజెస్టస్, తుంపరతో మొదలై మెల్లగా చిక్కబడితే నింబోస్ట్రాటస్. పెద్ద వాయుగుండాల్లో నింబోస్ట్రాటస్ లోపలే క్యుములోనింబస్‌లు దాగి ఉంటాయి. అప్పుడు రెండూ రాయాలి.

పొగను, మంచుమసకను మబ్బుగా రాయడం. డిసెంబర్, జనవరి ఉదయాల్లో దిగంతం గోధుమ రంగులో కరిగిపోయి, నడినెత్తిన నీలంగా ఉంటే అది మసక. మేఘం కాదు, ఆక్టాలో లెక్కించకూడదు.

విమానం చారలు. నిలవకుండా వెంటనే మాయమైతే వదిలేయండి. పది నిమిషాలకు మించి నిలిచి వెడల్పవుతుంటే "సిర్రస్ హోమోజెనిటస్" అని రాయాలి.

దాగలి తెగి మిగిలిపోవడం. రాత్రి వాన కురిసి వెలిసిన మర్నాడు తెల్లారి దట్టమైన సిర్రస్ కనపడుతుంది. అది నిన్నటి క్యుములోనింబస్ తల. దాన్ని చూసి ఇవాళ వాన వస్తుందని రాయొద్దు, "పుట్టుక: క్యుములోనింబస్" అని రాయండి.

రాత్రి పూట రంగును నమ్మడం. నగరం దీపాల వెలుగు పడి కింది మబ్బులు ప్రకాశంగా, పై మబ్బులు కనీ కనపడనట్టు ఉంటాయి. ఊరి బయట చీకట్లో దీనికి వ్యతిరేకం. రాత్రి చంద్రుడి గుడి, నక్షత్రాలు మసకబారడం, మెరుపులు: ఇంతవరకే రాసుకోవడం మంచిది.

11. నోట్‌బుక్‌లో ఎలా రాయాలి

ఒక్కో పరిశీలన నాలుగు వరుసలు మించనక్కర్లేదు. నమూనా:

సమయం 2:30, చోటు: టెర్రస్, మొత్తం 5/8.
క్యుములస్ కంజెస్టస్ 3/8, నైరుతిలో, ఎత్తు > వెడల్పు, తల అంచు బిగువు, పడమటి నుంచి.
సిర్రస్ 2/8, పోగులు, నీడ పడుతోంది, గుడి లేదు, తూర్పు నుంచి.
వాన లేదు. ఉష్ణోగ్రత 34, డ్యూ పాయింట్ 21, లెక్క ప్రకారం అడుగు 1,600 మీ.

పేరు పక్కన కారణం తప్పకుండా ఉండాలి. "ఆల్టోక్యుములస్" అని ఒక్క మాట రాస్తే రేపు సరిదిద్దుకోలేరు. "ఆల్టోక్యుములస్, రెండు వేళ్లు, పక్క నీడ" అని రాస్తే మీరు కాకపోయినా ఇంకెవరైనా సరిచూడగలరు. రెండు పేర్ల మధ్య తేలకపోతే రెండూ రాసి, ఏ పరీక్ష తేల్చలేదో రాయండి.

ఫొటో తీస్తే అడుగున ఒక బిల్డింగు అంచు వచ్చేలా తీయండి, సైజు తెలుస్తుంది. స్క్రీన్ మీద మబ్బు తెల్లటి భాగాన్ని తాకి వెలుతురు కొంచెం తగ్గిస్తే అంచులు నిలుస్తాయి. దిక్కు రాసుకోవడం మర్చిపోవద్దు. కదిలే కుప్పకు ఒకే చోటు నుంచి ఐదు నిమిషాలకొకటి చొప్పున తీసిన నాలుగు ఫొటోలు నలభై వేర్వేరు ఫొటోల కంటే మేలు.

12. సరిచూసుకోవడం

ముందు మీ పేరు రాసేయండి, ఆ తర్వాతే స్క్రీన్ చూడండి. ముందే చూస్తే కన్ను నేర్చుకోదు.

శంషాబాద్ విమానాశ్రయం అరగంటకోసారి మెటార్ అనే నివేదిక ఇస్తుంది. అందులో మేఘాల భాగం చదవడం తేలిక: ఎఫ్‌ఈడబ్ల్యూ అంటే 1-2 ఆక్టాలు, ఎస్‌సీటీ 3-4, బీకేఎన్ 5-7, ఓవీసీ 8. పక్క అంకె వందల అడుగులు. ఎస్‌సీటీ 020 అంటే 2,000 అడుగులు, సుమారు 600 మీటర్లు. సీబీ ఉంటే క్యుములోనింబస్, టీసీయూ ఉంటే బాగా ఎదిగిన క్యుములస్. ఎన్‌ఎస్‌సీ అని ఉంటే ఆకాశం ఖాళీ అని కాదు. విమానాలకు పట్టింపున్న మేఘం లేదని మాత్రమే. పైన సిర్రస్ నిండుగా ఉన్నా అలాగే వస్తుంది.

వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో హైదరాబాద్ డాప్లర్ రాడార్ చిత్రం ఉంటుంది. రాడార్ వాన చుక్కల్ని చూస్తుంది, మామూలు మబ్బుల్ని కాదు. మీ కంజెస్టస్ అక్కడ కనపడకపోతే మీ పరిశీలన తప్పని కాదు, అందులో ఇంకా పెద్ద చుక్కలు తయారవలేదని. ఇన్సాట్ ఉపగ్రహం ఇచ్చే ఇన్‌ఫ్రారెడ్ (వేడిని పట్టే) చిత్రంలో చల్లటి ఎత్తైన తలలు తెల్లగా మెరుస్తాయి. కింది స్ట్రాటస్ నేలంత వెచ్చగా ఉండటం వల్ల దాదాపు కనపడదు. దానికి పగటి వెలుతురులో తీసే విజిబుల్ చిత్రం చూడాలి. రెండింటిలోనూ తెల్లగా ఉంటే మందమైన ఎత్తైన మేఘం. ఇన్‌ఫ్రారెడ్‌లో తెల్లగా, విజిబుల్‌లో పల్చగా ఉంటే సిర్రస్.

మీ పేరూ, ఈ చిత్రాలూ కలవకపోతే వెంటనే కొట్టేయకండి. శంషాబాద్ నగరం నడిబొడ్డుకు 20 కి.మీ. పైగా దూరంలో ఉంది. వానాకాలంలో ఉప్పల్ మీద మేఘం వేరు, శంషాబాద్ మీద వేరు. దిక్కు, దూరం, సమయం సరిపోయాక కూడా తేడా ఉంటేనే ఏ పరీక్ష దగ్గర తడబడ్డారో ఆ పరీక్ష పక్కన గుర్తు పెట్టుకుని, మర్నాటి పరిశీలన దాంతో మొదలెట్టండి.